నాదానికి గడువు కట్టినవాడు

ఉదయగిరి రంగనాయకుల గుడి వంటి రాతి కట్టడంలో పద్యమెత్తుకుంటే రాగం మధురంగా సాగుతుంది గాని, అక్షరాలు ఒకదానిపై నొకటి పడి మాసిపోతాయి. అదే పద్యం ఆత్మకూరులో ఆరుబయట రంగస్థలంపై చదివితే అక్షరమక్షరం వినబడుతుంది. గొంతు మాత్రం పొడిబారినట్లు తోస్తుంది. గోడలకు తగిలి మరల మరల వచ్చే ఈ నాదశేషాన్ని శాస్త్రజ్ఞులు ప్రతినాదమన్నారు, పాటల రికార్డింగు శాలలవారు రెవర్బ్ అన్నారు. దానిని కొలతకు లొంగదీసిన మహనీయుడు వాలెస్ క్లెమెంట్ సాబిన్.

ఆయన 1868 జూన్ 13న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, రిచ్‌వుడ్ అనే చిన్న ఊరిలో జన్మించాడు. 18 ఏళ్ళకే పట్టభద్రుడై హార్వర్డు చేరి, అక్కడనే భౌతికశాస్త్ర బోధకుడైనాడు. 1895లో విశ్వవిద్యాలయాధ్యక్షుడు ఎలియట్ ఆయనకొక చిక్కుపని అప్పగించాడు. ఫాగ్ కళాభవనంలో కొత్తగా కట్టిన ఉపన్యాసశాలలో మాట ఎవరికీ అర్థం కావటం లేదు. పలికిన పలుకు దాదాపు 5.5 సెకండ్లు గాలిలో తిరిగేది. ఈలోగా వక్త మరొక వాక్యంలోకి పోయేవాడు.

పట్టణం నిద్రపోయిన పిమ్మట సాబిన్ పని ఆరంభమయ్యేది. ఒక ఆర్గాను గొట్టం, ఒక కాలమాపకం, తన చెవి, ఇవే పరికరాలు. దాపుననున్న శాండర్స్ నాటకశాలనుండి ఆసనాల మెత్తలు తెప్పించి శాలలో పరచి, నాదం ఎంతసేపట్లో మాయమవుతుందో కొలిచి, తెల్లవారేలోగా వాటిని యథాస్థానం చేర్పించేవాడు. ఒక దశలో లెక్కలు పొసగలేదు. ఆరా తీయగా దోషం తాను ధరించిన బట్టలది! మనిషి ఉడుపు సైతం నాదాన్ని మింగుతుందని గ్రహించి, ఎన్నో రాత్రుల కొలతలను అవతల పారవేసి, ఒకే ఉడుపుతో మళ్ళీ మొదలుపెట్టాడు. ఆయన ఎట్టివాడో తెలియటానికి ఈ ఒక్క ఘట్టం చాలును.

1898లో సూత్రం చిక్కింది. గది ఘనపరిమాణం పెరిగితే ప్రతినాదకాలం హెచ్చుతుంది. నాదాన్ని పీల్చే తలం పెరిగితే తగ్గుతుంది. ఆ లెక్కపై నిర్మించిన బోస్టను సింఫనీ హాలు 1900 అక్టోబరు 15న తెరవబడింది. తొలినాళ్ళలో కొందరు విమర్శకులు పెదవి విరిచినా, నేడది ప్రపంచంలోని మేటి సంగీతశాలలలో ఒకటి. జనం నిండినపుడు అక్కడి ప్రతినాదం సుమారు 1.9 సెకండ్లు.

మొదటి ప్రపంచయుద్ధకాలంలో ప్రభుత్వ కార్యాలలో శ్రమించి, 1919 జనవరి 10న, 50 ఏళ్ళకే ఆయన కన్నుమూశాడు. విద్యుత్ మైకుతో తీసిన గ్రామఫోను రికార్డులు 1925 నుండి గాని విస్తృతంగా వెలువడలేదు.

గది లేకుండ గదిని కల్పించే విద్య ఆపైన వచ్చింది. 1947లో చికాగోలో బిల్ పట్నం స్నానాలగదినే ప్రతినాదశాలగా వాడుకున్నాడు; 1957లో జర్మనీనుండి ఉక్కురేకు యంత్రం వచ్చింది; 1960 దశకపు ఆరంభంలో ష్రోడర్ దానిని కంప్యూటరు లెక్కలలోకి దించాడు. నేటి మిక్సింగు నిపుణుడు సెకండ్లు ఎంచుకొని మీట తిప్పేటప్పుడు సాబిన్ కొలతనే చేపట్టుతున్నాడు. అయితే ఎంత పోయవలెనన్నది చెవి చెప్పవలసిన మాట. గొంతుకూ ప్రతినాదానికీ నడుమ సెకండులో యాభయ్యోవంతు ఎడముంచితే సంయుక్తాక్షరం నలగదు. ప్రతినాదంలోని మంద్రాన్ని కోసివేస్తే మృదంగం బురదపడదు. పద్యం చివరి రాగానికి దానిని ధారాళంగా పెంచవచ్చును, పాదం నడిచేటప్పుడు మాత్రం చేయి బిగపట్టాలి.