కెన్ మైల్స్

కెన్ మైల్స్ (నవంబరు 1, 1918 - ఆగష్టు 17, 1966) ఇంగ్లండులో జన్మించి, అమెరికాలో పేరు పొందిన కారు పందేల చోదకుడు, ఇంజనీరు. ఈయన జన్మస్థలం బర్మింగ్‌హామ్ సమీపంలోని సట్టన్ కోల్డ్‌ఫీల్డ్. 1952లో కాలిఫోర్నియాకు వలస వెళ్ళి, 1963లో కారోల్ షెల్బీ సంస్థలో చేరాడు.

ఆ సంస్థ ఫోర్డ్ మస్టాంగ్‌ను 1965లో జి.టి.350గా తీర్చిదిద్దినపుడు, కారును నడిపి పరీక్షించి సరిదిద్దిన వారిలో మైల్స్ ముఖ్యుడు. మామూలు మస్టాంగ్ మలుపులో ఒరిగినపుడు బయటివైపు ముందు చక్రం పైభాగం బయటకు వాలి, భారమంతా టైరు అంచుపై పడేది. చక్రాలను మొదటే లోపలికి వాల్చి బిగిస్తే పందెంలో పట్టు దొరుకుతుంది గానీ, తిన్నని రోడ్డుపై టైర్ల లోపలి అంచులు త్వరగా అరిగిపోతాయి. ఫోర్డ్ ఇంజనీరు క్లాస్ ఆర్నింగ్ లెక్కలను అనుసరించి, ముందు సస్పెన్షన్ పై ఆర్మ్‌ను బిగించే రంధ్రాలను ఒక అంగుళం కిందికి దించారు. దీనితో కారు ఒరిగినా చక్రం మునుపటంతగా వాలేది కాదు. రోడ్డు కారుకూ, పందెపు కారుకూ ఇదే అమరిక. అయితే 1966 నమూనా మధ్యలో, ఖర్చు తగ్గించడానికి రోడ్డు కార్లలో దీనిని మానివేసారు.

ఫిబ్రవరి 14, 1965న టెక్సాస్‌లోని గ్రీన్ వ్యాలీలో జి.టి.350కి తొలి విజయం సాధించినది మైల్సే. 1966లో లాయిడ్ రూబీతో కలసి డేటోనా, సెబ్రింగ్ పందేలు గెలిచాడు. లె మాన్స్‌లో రెండవ స్థానం పొందాడు. అటుపై రెండు నెలలకు, రివర్‌సైడ్‌లో ఫోర్డ్ జె-కారును పరీక్షిస్తూ ప్రమాదంలో మరణించాడు.