ఎలెన్ స్వాలో రిచర్డ్స్: ఫీజు లేకుండా సీటిచ్చారు.. కారణం మాత్రం వేరే! హోమ్ సైన్స్‌కు బాట వేసిన కెమిస్ట్ కథ

వంట, శుభ్రత, తాగునీరు.. ఇవన్నీ ఇంటి పనులే కదా అని తేలిగ్గా తీసిపారేస్తాం. కానీ వీటి వెనుక సైన్స్ ఉందని, అది ఇంట్లో అందరికీ అందాలని 19వ శతాబ్దంలోనే పట్టుబట్టారు ఎలెన్ స్వాలో రిచర్డ్స్. అమెరికాలో హోమ్ ఎకనామిక్స్‌ను చదువుగా నిలబెట్టిన వారిలో ఆమెది ముందు వరుస.

1842 డిసెంబర్ 3న మసాచుసెట్స్‌లోని డన్‌స్టబుల్‌లో పుట్టారు. టీచర్‌గా పనిచేసి డబ్బు కూడబెట్టుకుని, 25 ఏళ్ల వయసులో వాస్సర్ కాలేజీలో చేరారు. 1870లో డిగ్రీ పూర్తయింది. ఆ ఏడాది చివర్లోనే ఎంఐటీలో సీటొచ్చింది. అక్కడ అడ్మిషన్ దొరికిన తొలి మహిళ ఆమే.

ఫీజు వద్దన్నారు..

డబ్బు ఇబ్బంది చూసే ఫీజు వదిలేశారని ఎలెన్ అనుకున్నారు. అసలు సంగతి తర్వాత తెలిసింది. ఎవరైనా గొడవ చేస్తే ఆమె మా స్టూడెంటే కాదని తప్పించుకోవడానికే ఆ ఏర్పాటు! అయినా 1873లో కెమిస్ట్రీ డిగ్రీ సాధించారు. డాక్టరేట్ చేయాలన్న కోరిక మాత్రం అక్కడ తీరలేదు.

1875లో ఎంఐటీ మైనింగ్ ప్రొఫెసర్ రాబర్ట్ రిచర్డ్స్‌ను పెళ్లి చేసుకున్నారు. మరుసటి ఏడాది అక్కడే మహిళల కోసం ల్యాబ్ మొదలైంది. అందులో జీతం లేకుండా పనిచేశారు. పైగా సొంత డబ్బూ పెట్టారు.

20 వేలకు పైగా నీటి శాంపిల్స్

1887లో మొదలైన మసాచుసెట్స్ నీటి సర్వేలో 20 వేలకు పైగా శాంపిల్స్ పరీక్షించారు. సముద్రానికి దూరమయ్యే కొద్దీ నీటిలో సహజంగా ఉండే క్లోరైడ్ తగ్గుతుంది. ఏ ప్రాంతంలో ఎంత ఉండాలో మ్యాప్ గీశారు. అంతకంటే ఎక్కువ కనిపిస్తే మురుగు కలిసిందేమోనని అనుమానించాల్సిందే.

1890లో బోస్టన్‌లో మరికొందరితో కలిసి పేదల కోసం చవకైన, పోషకాలున్న వంటలు అమ్మే కిచెన్ తెరిచారు. కానీ వలస వచ్చిన కుటుంబాలకు ఆ రుచి నచ్చలేదు. సైన్స్ ఒక్కటే కడుపు నింపదని అప్పుడే తేలింది. అదే వంట తర్వాత బోస్టన్ స్కూళ్లలో పిల్లల మధ్యాహ్న భోజనానికి పనికొచ్చింది.

1899లో లేక్ ప్లాసిడ్‌లో సదస్సులకు శ్రీకారం చుట్టారు. అవే 1908లో అమెరికన్ హోమ్ ఎకనామిక్స్ అసోసియేషన్‌కు దారితీశాయి. తొలి అధ్యక్షురాలు ఎలెనే.

1884లో ఎంఐటీలో శానిటరీ కెమిస్ట్రీ ఇన్‌స్ట్రక్టర్ అయ్యారు. 1911 మార్చి 30న కన్నుమూసేదాకా అదే పోస్టు. ఆమెకు దక్కని ప్రొఫెసర్ హోదాను, 1973లో ఆమె పేరుతోనే మహిళా అధ్యాపకుల కోసం ఎంఐటీ ఏర్పాటు చేసింది.