బంగారం చేస్తానన్నాడు.. రాజు బంధించాడు! చివరికి పింగాణీ చేసి చూపించాడు

వట్టి లోహాన్ని బంగారంగా మారుస్తానని గొప్పలు చెప్పుకున్నాడు. ఆ మాటే అతడి మెడకు చుట్టుకుంది. బంగారం రాలేదు కానీ.. యూరప్ ఎన్నో ఏళ్లుగా వెతుకుతున్న మరో సంపద అతడి చేతికి చిక్కింది. అతడే జర్మనీకి చెందిన యోహాన్ ఫ్రెడ్రిక్ బోట్గర్.

1682లో ష్లైజ్ అనే ఊళ్లో పుట్టిన బోట్గర్, బెర్లిన్‌లోని ఓ మందుల దుకాణంలో పనికి చేరాడు. రాత్రిళ్లు గుట్టుగా పరుసవేది ప్రయోగాలు చేసేవాడు. ఆ సంగతి ప్రష్యా రాజు చెవిన పడింది. దీంతో 1701లో పక్కనున్న సాక్సనీకి పారిపోయాడు. అక్కడా అదే సీన్! సాక్సనీ పాలకుడు అగస్టస్ అతడిని పట్టుకుని బంధించాడు. అప్పటికి బోట్గర్ వయసు 19 ఏళ్లే. 1703లో తప్పించుకున్నా, ఆస్ట్రియాలో దొరికిపోయాడు.

ఏళ్లు గడిచినా బంగారం జాడ లేదు. ఇక ప్రాణాలకే ముప్పు అనుకునే సమయంలో చిర్న్‌హౌస్ అనే శాస్త్రవేత్త అతడిని పింగాణీ పరిశోధనలోకి దించారు. అప్పట్లో పింగాణీ చైనా, జపాన్‌ల నుంచే రావాలి. దాని ధర చూసి తెల్ల బంగారం అనేవారు. అగస్టస్‌కైతే ఆ పిచ్చి మరీ ఎక్కువ. 1717లో చైనా పింగాణీ కోసం 600 మంది సైనికులనే ప్రష్యాకు ఇచ్చేశాడు!

అసలు కిటుకు ఏంటంటే.. తెల్లటి కేయొలిన్ మట్టి, విపరీతమైన వేడి. 1708లో ప్రయోగం ఫలించింది. అదే ఏడాది చిర్న్‌హౌస్ కన్నుమూశారు. అందుకే ఈ ఘనత ఎవరిదన్న చర్చ ఇప్పటికీ నడుస్తూనే ఉంది.

1710లో మైసెన్‌ పట్టణంలో, కొండ మీది ఆల్బ్రెక్ట్స్‌బర్గ్ కోటలో ఫ్యాక్టరీ మొదలైంది. కోటే ఎందుకంటే.. రహస్యం బయటకు పొక్కకూడదని! ఫ్యాక్టరీ బాధ్యతలు చూస్తున్నా బోట్గర్‌కు మాత్రం స్వేచ్ఛ లేదు. 1714లో విడుదలయ్యే నాటికి కొలిమి పొగలు, మద్యం అతడి ఒంటిని గుల్ల చేశాయి. 1719 మార్చి 13న, 37 ఏళ్లకే కన్నుమూశాడు. అంత కాపలా కాసిన రహస్యం కూడా ఆగలేదు. పారిపోయిన పనివాళ్లతో పాటే వియన్నాకు చేరిపోయింది.

మైసెన్ ఫ్యాక్టరీ మాత్రం 300 ఏళ్లు దాటినా నడుస్తోంది. దాని గుర్తు నీలి రంగులో రెండు కత్తులు. అవి సాక్సనీ పాలకుల చిహ్నం నుంచి వచ్చినవే. ఏళ్ల తరబడి బందీగా ఉండి ఆ ఫ్యాక్టరీకి ప్రాణం పోసిన బోట్గర్‌కు మిగిలింది మాత్రం ఐదేళ్ల స్వేచ్ఛే.