ఆల్ఫ్రెడ్ వెర్నర్

ఆల్సేస్ సీమలోని మ్యూలూజ్ పట్టణంలో 1866 డిసెంబరు 12న ఆల్ఫ్రెడ్ వెర్నర్ జన్మించాడు. ఉన్నత విద్య జూరిచ్‌లో సాగింది.

ప్లాటినం క్లోరైడు అమ్మోనియాతో కలిసి అనేక లవణాలనిస్తుంది. లోహపు సంయోజకతలన్నీ తీరిన పిమ్మట కూడ అమ్మోనియా దేనిని ఆశ్రయించి నిలుస్తున్నది? కోపెన్‌హేగన్ ఆచార్యుడు యోర్గెన్సెన్ అమ్మోనియా అణువులను గొలుసుగా గ్రుచ్చి చూపాడు. 1893లో, ఇరవయ్యారేళ్ళ వెర్నర్ ఆ గొలుసును త్రెంచి, లోహం చుట్టూ అష్టముఖాకారంలో ఆరు స్థానాలను కల్పించాడు. చిత్రమేమంటే, ఆయన ఆధారం చేసుకొన్న ప్రయోగాలలో అధికభాగం యోర్గెన్సెన్‌వే!

ఊహ ఒక్కటే చాలదు గదా. మియొలాటితో కలిసి ఆయన ద్రావణాల విద్యుద్వాహకతను కొలిచాడు. నాలుగు క్లోరిన్‌లు, ఆరు అమ్మోనియాలు గల ప్లాటినం లవణం చక్కని వాహకం. అమ్మోనియా తగ్గినకొద్దీ వాహకత తగ్గి, రెండే మిగిలినపుడు ఇంచుమించు శూన్యమయింది. అంటే క్లోరిన్‌లన్నీ అయానులుగా విడివడక లోహాన్నే అంటిపెట్టుకొన్నాయన్నమాట.

రెండు క్లోరిన్‌లు, రెండు అమ్మోనియాలు గల ప్లాటినం లవణాలు రెండు విధాలు: పెయ్‌రోన్ లవణం, రైసే లవణం. సంఘటనం ఒకటే, గుణాలు వేరు. ఇవి చతురస్రాకారాలనీ, క్లోరిన్‌లు ఒకదానిలో ప్రక్కప్రక్కన, రెండవదానిలో ఎదురెదురుగా ఉన్నాయనీ వెర్నర్ నిర్ణయించాడు.

వివాదం పదునాలుగేళ్ళు నడిచింది. సిద్ధాంతం ముందే సూచించిన ఊదారంగు కోబాల్టు లవణాన్ని 1907లో వెర్నర్ తయారుచేయగా, యోర్గెన్సెన్ తన వాదాన్ని విరమించాడు. అట్టి నిజాయితీ విద్వాంసులలో అరుదు.

1913లో నోబెల్ బహుమతి లభించింది. 1919 నవంబరు 15న, యాభైరెండేళ్ళకే వెర్నర్ కన్నుమూశాడు. పెయ్‌రోన్ లవణం కణవిభజనను అడ్డగిస్తుందని రోజెన్‌బర్గ్ పరిశోధనలు 1965 నుండి వెల్లడించాయి. 1978లో అమెరికాలో అది కేన్సరు ఔషధంగా ఆమోదం పొందింది. ఎదురెదురు అమరిక గల రైసే లవణానికి ఆ శక్తి లేదు.