ఎనిమిది బిందెల నీరు, విలెం కోల్ఫ్

నాలుగు గంటల డయాలిసిస్‌కు సుమారు 120 లీటర్ల ద్రావణం కావలెను. పదిహేను లీటర్ల బిందె లెక్కన ఎనిమిది బిందెలు. సగరోళి వంటి పల్లెలో వేసవినాడు అది చిన్న మాట కాదు.

ఈ చికిత్సకు ఆద్యుడైన విలెం కోల్ఫ్ 1911లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో జన్మించారు. 1938లో గ్రోనింగెన్‌లో ఇరవై రెండేళ్ల యువకుడొకడు మూత్రపిండాలు చెడి మరణించగా, ఆ కబురు తల్లికి చెప్పవలసిన భారం ఈయనపై పడింది. అప్పటినుండి ఆయనకు అదే చింత.

జర్మన్ల ఆక్రమణలోనున్న కాంపెన్ పట్టణంలో, 1943లో, సాసేజీలకు తొడిగే సెల్లోఫేన్ గొట్టాన్ని చెక్క పీపాకు చుట్టి ఉప్పుద్రావణపు తొట్టిలో త్రిప్పారు. గొట్టంలోని రక్తమందలి మలినం ద్రావణంలోకి దిగేది. తొలి రోగులు దాదాపు అందరూ మరణించారు. అయినను ఆయన మానలేదు. 1945 సెప్టెంబరులో 67 ఏళ్ల స్త్రీ స్పృహలోకి వచ్చి బ్రతికింది. ఆమె నాజీల పక్షమున నిలిచి చెరసాల పాలైనది. వైద్యునికి మాత్రం ఆమె రోగియే. యుద్ధానంతరం తన యంత్రాలను విదేశీ ఆసుపత్రులకు ఉచితంగా పంపారు.

1950లో అమెరికా చేరిన కోల్ఫ్, 1970ల నాటికి యూటాలో సహచరులతో కలిసి ఒంటికి ధరించగల మూడున్నర కిలోల కృత్రిమ మూత్రపిండాన్ని రూపొందించారు. బొగ్గు మలినాన్ని పీల్చుకొనగా అదే ద్రావణం మరల తిరిగేది. కాని యూరియా బొగ్గుకు సరిగా చిక్కదు. అందుకై రోగిని కొంతసేపు 20 లీటర్ల తొట్టికి కలుపవలసి వచ్చేది. ఆ చిక్కు ఆయన జీవితకాలంలో పూర్తిగా విడలేదు. 2009 ఫిబ్రవరి 11న, తొంభై ఎనిమిదవ జన్మదినానికి మూడు దినాల ముందు, కోల్ఫ్ కన్నుమూశారు.