తలరాత అని చేతులు ముడుచుకోని కందుకూరి

ఇంట్లో ఏ కష్టం వచ్చినా మన నోట ముందుగా వచ్చే మాట 'కిస్మత్'. ఇరుగుపొరుగు వారు దాన్నే తలరాత అంటారు. మనిషి నడతలో రాత ఎంత, సొంత నిర్ణయం ఎంత అన్న ప్రశ్న చాలా పాతది. తఖ్దీర్, తద్బీర్‌ల గురించి ఉలమాలు శతాబ్దాలుగా చర్చించారు. పెంపకం, అలవాటు, నలుగురి ఒత్తిడి మనిషిని ఎంతవరకు నడిపిస్తాయని మానసిక శాస్త్రజ్ఞులు పరిశోధిస్తున్నారు. ఈ ప్రశ్నకు తన బతుకుతోనే జవాబు చెప్పిన మహనీయుడు మన గోదావరి ఒడ్డునే ఉండేవారు. ఆయనే కందుకూరి వీరేశలింగం పంతులు.

ఆయన 1848 ఏప్రిల్ 16న రాజమండ్రిలో జన్మించారు. నాలుగేళ్ల వయసులోనే తండ్రిని పోగొట్టుకొని, పెదనాన్న పెంపకంలో పెరిగారు. ఉపాధ్యాయ వృత్తి చేపట్టి కోరంగిలో, ధవళేశ్వరంలో, తర్వాత రాజమండ్రిలో పనిచేశారు. 1874లో 'వివేకవర్ధని' పత్రికను, అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాలను ప్రారంభించారు. జాతకాలను, శకునాలను నమ్మి మనిషి తన తెలివిని తానే తాకట్టు పెట్టుకుంటున్నాడని ఆయన బాధ. బంగారం చేసిస్తానన్న దొంగ యోగిని నమ్మి ఇల్లు గుల్ల చేసుకున్న పెద్దమనిషి కథే ఆయన 'రాజశేఖర చరిత్రము'.

ఆ రోజుల్లో పసితనంలోనే భర్త పోయిన ఆడపిల్లలు ఇంటింటా ఉండేవారు. అది వాళ్ల పూర్వజన్మ కర్మ అని పెద్దలు సరిపెట్టుకునేవారు. వితంతు వివాహాన్ని 1856లోనే చట్టం అనుమతించినా, ఆచారం అనుమతించలేదు. భర్త చావు మనిషి చేతిలో లేదు, నిజమే. కాని ఆ తర్వాత ఆ పిల్లను మూలన కూర్చోబెట్టింది మాత్రం మనుషులే కదా!

1881 డిసెంబరు 11న పంతులుగారు రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించారు. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య ధనసహాయం చేశారు. అండగా ఉంటామన్న వారిలో పలువురు వెలివేస్తారన్న భయంతో వెనక్కి తగ్గారు. వంటవాళ్లు రావడం మానేశారు. అప్పుడు ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మ తానే నీళ్లు మోసి, అందరికీ వండిపెట్టారు.

వెనక్కి తగ్గినవారంతా చెడ్డవారా? కారు. తమ పిల్లల పెళ్లిళ్లు ఆగిపోతాయన్న బెంగ వారిని కట్టేసింది. ఒకే భయం నలుగురినీ ఒకే దారిన నడిపిస్తుంది. పంతులుగారు దీన్ని గ్రహించారు. అందుకే ఉపన్యాసాలతో సరిపెట్టలేదు. పెళ్లి చేసుకున్న జంటలకు ఇల్లు, తిండి చూపించారు. భయానికి కారణం తగ్గితే ధైర్యం దానంతట అదే వస్తుంది.

1906లో హితకారిణీ సమాజాన్ని స్థాపించి, తన ఆస్తినంతా దానికే రాసిచ్చారు. 1910లో భార్య కన్నుమూశారు. ఆయన 1919 మే 27న మద్రాసులో తుదిశ్వాస విడిచారు.

మన షరీఅత్‌లో వితంతువు నికాహ్‌కు అడ్డు లేదు. అయినా మన వీధుల్లోనూ చిన్న వయసులో భర్తను కోల్పోయిన ఆడబిడ్డను 'దాని నసీబు అంతే' అని వదిలేసే ఇళ్లున్నాయి. నసీబు అల్లాహ్ చేతిలోనిది. కాని ఆ బిడ్డ కోసం ఒక మంచి సంబంధం వెతకడం ఎవరి చేతిలో ఉంది?