సమాధుల పండుగ తేదీ పెట్టిన మఠాధిపతి

ఏటా నవంబరు 2న కతోలిక విచారణల్లో సమాధులకు సున్నం వేసి, పూలుంచి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఈ తేదీ పునీత ఓడిలోన్ పెట్టినదే.

ఫ్రాన్సు దేశంలోని ఓవెర్న్ సీమలో 962 ప్రాంతంలో ఒక ప్రభువుల ఇంట జన్మించిన ఆయన, 994లో క్లూనీ మఠాధిపతి అయి 55 ఏళ్లు ఆ భారం మోశారు. భూములిచ్చిన దాతల ఆత్మల కోసం మఠాల్లో ప్రార్థనలు ఎటూ జరిగేవి. మరి పేరూ ఊరూ లేకుండా పోయిన వారి మాటేమిటి? సకల పునీతుల పండుగనాటి సాయంత్రం గంటలు మోగించాలనీ, మరునాడు మృతవిశ్వాసులందరి కోసం పూజ చేసి, పేదలకు దానమివ్వాలనీ తన కింది మఠాలన్నిటికీ ఆజ్ఞాపించారు. క్రమేణా ఆ ఆచారం యావత్ సభకూ పాకింది.

బతికున్నవారినీ ఆయన మరువలేదు. 1030 తర్వాత ఘోరమైన కరవు వస్తే గుడిలోని వెండి బంగారు పాత్రలు కరిగించి అమ్మి, ఆకలిగొన్నవారికి తిండి పెట్టించారు. ఆ రోజుల్లో అది సామాన్యమైన తెగువ కాదు.

మఠాల తనిఖీకి వెళ్లి, 1049 జనవరి 1న సూవినీలో కన్నుమూశారు. అక్కడే సమాధి చేశారు. 1793లో విప్లవకారులు ఆయన అస్థికలను బయటికి తీసి తగులబెట్టారు.